హెర్మిస్ మీదికి రీబ్రీదర్‌తో వచ్చే ఏప్రిల్‌లోనే దిగొచ్చా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. సొంతూరు విశాఖపట్నం, ఉద్యోగం దుబాయ్‌లో. కొన్నేళ్లుగా డైవింగ్ చేస్తున్నాను. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాళ్లు పెంచిన గాలి), డీప్, రెస్క్యూ కోర్సులు అయ్యాయి, 40 మీటర్ల దాకా దిగాను. ఇక్కడ ఒకాయన తన రీబ్రీదర్ (వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోనిచ్చే డైవింగ్ మెషీన్) అమ్ముతానంటున్నాడు, కొత్తదాని ధరలో సగం కూడా లేదు. శ్రీలంకలో బట్టికలోవా దగ్గర మునిగిన హెర్మిస్ నౌకను చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. వైజాగ్ మీద జపాన్ వాళ్లు బాంబులు వేసిన రోజుల గురించి మా తాతగారు చెప్పేవారు. హెర్మిస్ మునిగింది కూడా ఆ వారంలోనే అని ఎక్కడో చదివాను. ఒక మిత్రుడితో కలిసి వచ్చే ఏప్రిల్‌లో వెళ్దామనుకుంటున్నాను. అతను మామూలు ట్యాంకులతోనే దిగుతాడు. ఈ ఆరు నెలల్లో రీబ్రీదర్ నేర్చుకుని వెళ్లగలనా? బీపీకి మాత్ర వేసుకుంటాను, అదుపులోనే ఉంది. మా ఆవిడకు ఇదంతా భయం. ఆమెను కూడా తీసుకెళ్లి, డైవింగ్ అయ్యాక కాండీ, నువారా ఎలియా చూపించాలని ప్లాన్. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి? ఎప్పటికైనా గ్రీస్‌లో మునిగిన బ్రిటానిక్ నౌకనీ, మన వైజాగ్ దగ్గరున్న ఘాజీ జలాంతర్గామినీ చూడాలని ఉంది.
– ఆర్., దుబాయ్

జవాబు:

ఆర్. గారూ,

సూటిగానే చెప్తాను. వచ్చే ఏప్రిల్‌లో రీబ్రీదర్‌తో హెర్మిస్ మీదికి దిగకండి. హెర్మిస్ మీకు అందని నౌకేం కాదు, తప్పకుండా చూస్తారు. రీబ్రీదర్ నడపడం ఆరు నెలల్లో వచ్చేస్తుంది కూడా. కానీ 53 మీటర్ల లోతున, ఊపిరిలో ఏదో తేడాగా ఉందనిపించిన మరుక్షణం, ఇంకేమీ ఆలోచించకుండా ఆ మెషీన్‌ను వదిలేసి పక్కనున్న ట్యాంకు మీదికి మారిపోవడం ఉంది చూశారూ, అది ఆరు నెలల్లో ఒంటికి పట్టదు. లోతైన నౌకల దగ్గర రీబ్రీదర్‌తో ప్రాణాలు కాపాడేది చాలావరకు ఆ ఒక్క అలవాటే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతా ప్రశ్నలకు మధ్యమధ్యలో జవాబిస్తాను.

మీ తాతగారి కథకూ హెర్మిస్‌కూ నిజంగానే సంబంధం ఉంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి రెండు దళాలుగా వచ్చింది. ఒక దళం 5వ తేదీన కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేసింది. రెండోది బంగాళాఖాతంలో వర్తక నౌకలను ముంచుతూ వచ్చి 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది. ట్రింకోమలీ రేవు విడిచి దక్షిణంగా వెళ్తున్న బ్రిటిష్ నౌక హెర్మిస్‌ను 9వ తేదీన జపాన్ విమానాలు బట్టికలోవా దగ్గర పట్టుకున్నాయి. విమానవాహక నౌకగానే రూపకల్పన చేసి నిర్మాణం మొదలుపెట్టిన తొలి నౌక అది. ఆ రోజు మాత్రం దాని మీద ఒక్క విమానం కూడా లేదు. 307 మంది చనిపోయారు. వెంట ఉన్న ఆస్ట్రేలియా నౌక వాంపైర్ కూడా మునిగింది. కాబట్టి మీరు చూడాలనుకుంటున్నది మీ తాతగారు చెప్పిన ఆ వారానికి చెందిన నౌకే. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, దాన్ని వదులుకోమని చెప్పడానికి ఈ జవాబు రాయడం లేదు.

రీబ్రీదర్ మీద ఆశ ఎందుకు పుడుతుందో లెక్క చూస్తే తెలిసిపోతుంది. నిదానంగా ఈదే మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 53 మీటర్ల దగ్గర పీడనం 6.3 బార్ (నీటి పైన ఉండేదానికి 6.3 రెట్లు), అంటే ట్యాంకులోంచి నిమిషానికి 126 లీటర్లు పోతాయి. అందులో ఒంటికి పట్టే ఆక్సిజన్ ఇంచుమించు ఒక లీటరు. మిగతాదంతా, లోతు డైవ్‌ల కోసం కలిపే ఖరీదైన హీలియంతో సహా, బుడగలై పైకి పోతుంది. రీబ్రీదర్ ఆ వదిలిన ఊపిరినే తిప్పి మళ్లీ ఇస్తుంది. సోడా లైమ్ గుళికలు నింపిన స్క్రబ్బర్ డబ్బా కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేసుకుంటుంది, ఖర్చయినంత ఆక్సిజన్‌ను మెషీన్ కలుపుతుంది. 3 లీటర్ల చిన్న ట్యాంకును 200 బార్‌కి నింపితే 600 లీటర్ల ఆక్సిజన్. లోతెంతయినా అది గంటల తరబడి వస్తుంది. ఏ లోతుకు తగిన ఆక్సిజన్ పాళ్లు ఆ లోతులో అందుతాయి కాబట్టి డెకో (పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్యలో ఆగి గడపాల్సిన సమయం) కూడా తగ్గుతుంది. బుడగలు లేవు కాబట్టి పాత నౌకల కప్పు మీది తుప్పు రాలిపడదు, చేపలు బెదరవు. లోతైన నౌకలను చూసేవాళ్లు చాలామంది వీటి వైపు మళ్లడానికి కారణాలు ఇవే.

ఇప్పుడు రెండో వైపు. మామూలు ట్యాంకు, నోటికి గాలి అందించే రెగ్యులేటర్ చెడితే మీకు తెలిసిపోతుంది. గాలి రాదు, లేదా హోరున బయటికి పోతుంది. రీబ్రీదర్ చెడినా ఊపిరి హాయిగానే ఆడుతుంది. లూప్‌లో (ఊపిరి తిరిగే గొట్టాల చుట్టులో) ఆక్సిజన్ తగ్గిపోతే ఆయాసం రాదు, గుండె దడా రాదు. తల కాస్త తేలికైనట్టుండి స్పృహ పోతుంది. ఆక్సిజన్ మరీ ఎక్కువైతే, చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండానే ఫిట్స్ వస్తాయి, నోట్లోని మౌత్‌పీస్ జారిపోతుంది. 1998 నుంచి 2010 దాకా సరదాకి రీబ్రీదర్ వాడినవాళ్ల మరణాలను ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ ఆండ్రూ ఫాక్ పరిశీలిస్తే 181 తేలాయి. మామూలు స్కూబాతో పోలిస్తే ప్రమాదం సుమారు పది రెట్లు ఉండొచ్చని ఆయన అంచనా వేశారు. ఆ తర్వాత మెషీన్లూ శిక్షణా మెరుగుపడ్డాయి. అయినా, దిగబోయేవాడు ఆ అంకెను మనసులో పెట్టుకునే దిగాలి.

ఆక్సిజన్ సంగతి కనీసం స్క్రీన్ మీద కనిపిస్తుంది. నాకు ఎక్కువ భయం కార్బన్ డయాక్సైడ్ అంటేనే. చాలా మెషీన్లలో దాన్ని కొలిచేదేమీ ఉండదు. కొన్నింట్లో ఉన్నా, దానికి పట్టుబడనివి మిగిలే ఉంటాయి. అది లూప్‌లోకి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది, సోడా లైమ్ అరిగిపోవడం. రెండోది, మనం దాన్ని సరిగ్గా నింపకపోవడం. కందిపప్పు డబ్బాలో పోసి తట్టినట్టు, గుళికలు పోస్తూ డబ్బా పక్కల మీద అరచేత్తో తడుతూ, కుంగిన మేరకు మళ్లీ పోస్తూ, మూత బిగించాక ఊపితే గలగలమనకుండా ఉండేదాకా నింపాలి. తొందరపడితే ఒక వైపు సందు మిగులుతుంది. ఊపిరి తేలిక దారే వెతుక్కుంటుంది కాబట్టి గుళికలను తాకకుండా ఆ సందులోంచే జారి వచ్చేస్తుంది. లీకు ఆపే రబ్బరు వలయం, ఓ-రింగ్, ఒక్కటి పెట్టడం మరిచిపోయినా ఇదే జరుగుతుంది. దిగేముందు ఐదు నిమిషాలు లూప్ మీద ఊపిరి పీల్చి చూస్తే ఇదంతా బయటపడుతుందని మీకు చెప్తారు. నమ్మకండి. ఈ సంగతి ప్రయోగం పెట్టి చూశారు. స్క్రబ్బర్‌ను పూర్తిగా తీసేసినా ఆ ఐదు నిమిషాల్లో కొందరు పసిగట్టలేకపోయారు. సగం పాడైన స్క్రబ్బర్‌ను అయితే దాదాపు ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ ఐదు నిమిషాలు ఆక్సిజన్ సరిగ్గా కలుస్తోందా అని చూడటానికి పనికొస్తాయి, అందుకు తప్పక చేయండి. స్క్రబ్బర్ విషయంలో మాత్రం చెక్‌లిస్టు చేతిలో పట్టుకుని, ఒక్కొక్కటీ పైకి చదువుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని బిగించడమే దారి. పడవలో కబుర్లు చెప్పుకుంటూ మెషీన్ బిగించేవాళ్లతో డైవ్‌కి వెళ్లొద్దు.

మూడో దారి గురించి చాలామందికి తెలియదు. అందులో మెషీన్ తప్పేమీ ఉండదు. లోతు పెరిగేకొద్దీ గ్యాస్ బరువెక్కుతుంది. 53 మీటర్ల దగ్గర మామూలు గాలి లీటరుకు సుమారు 8 గ్రాములు తూగుతుంది. 5.2 గ్రాములు దాటకుండా చూసుకోవాలి, 6.2 దాటితే అసలు దిగొద్దు అన్నది ఈ విషయంపై పనిచేసినవాళ్లు ఇచ్చిన హద్దు. అంత చిక్కటి గ్యాస్‌ను గొట్టాల్లోంచి, స్క్రబ్బర్‌లోంచి తోయడానికి ఊపిరితిత్తులు కష్టపడతాయి. శరీరం పుట్టించే కార్బన్ డయాక్సైడ్‌ను ఎప్పటికప్పుడు బయటికి పంపలేవు. ఆయాసం వస్తుంది, వేగంగా పీల్చడానికి ప్రయత్నిస్తారు. ఆ ప్రయత్నమే ఇంకా కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. అందుకే హీలియం కలపాలి. 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం ఉన్న ట్రైమిక్స్ అయితే అదే 53 మీటర్ల దగ్గర లీటరుకు 5 గ్రాముల దగ్గరే ఆగుతుంది, నైట్రోజన్ మత్తు కూడా 25 మీటర్ల దగ్గర గాలి పీల్చినంతే ఉంటుంది. "హెర్మిస్ ఎంత, యాభై మీటర్లే కదా, గాలితో వెళ్లిపోదాం" అని ఎవరైనా అంటే ఆ మాట వినకండి.

డేవిడ్ షా సంగతి మీరు వినే ఉంటారు. ఆస్ట్రేలియన్, వృత్తిరీత్యా పెద్ద విమానాలు నడిపే పైలట్. చెక్‌లిస్టులు, క్రమశిక్షణ ఆయనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. 2005 జనవరి 8న దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ అనే నీటి గుహలో, అంతకు పదేళ్ల ముందు అక్కడ చనిపోయిన ఒక యువ డైవర్ దేహాన్ని పైకి తేవడానికి సుమారు 270 మీటర్ల లోతుకు రీబ్రీదర్‌తో వెళ్లారు. దేహం ఆయన అనుకున్నట్టు నేలకు అతుక్కుని లేదు, తేలడం మొదలుపెట్టింది. దాన్ని సంచిలోకి ఎక్కించే ప్రయత్నంలో శ్రమ పెరిగింది, లైన్ చిక్కుకుంది. హెల్మెట్ మీది కెమెరా ఆ చివరి నిమిషాలన్నీ రికార్డు చేసింది. అందులో వినిపించే ఊపిరి వేగాన్ని బట్టే, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఆయన పోయారని వైద్యులు నిర్ధారించారు. అది నౌక కాదు, మీరు వెళ్తానన్న లోతూ కాదు. అయినా చెప్పడానికి కారణం ఉంది. మెషీన్ చెడిపోవడం వల్ల జరిగింది కాదది. లోతు, శ్రమ, చిక్కటి గ్యాస్, ఈ మూడూ ఒకచోట కలిశాయి. నౌక మీద ప్రవాహానికి ఎదురీదితే, యాంకర్ తాడు పట్టుకుని లాక్కుంటూ పోతే, ఎక్కడో చిక్కుకున్న ఫిన్‌ను (కాలికి తొడిగే ఈత రెక్కను) విడిపించుకోబోతే, హెర్మిస్ దగ్గర కూడా అవే మూడూ కలుస్తాయి.

కార్బన్ డయాక్సైడ్ పట్టినప్పుడు ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చెప్తాను. మొదట చిన్న చికాకు. ఊపిరి పూర్తిగా అందనట్టు, ఇంకొంచెం లోతుగా పీలిస్తే సరిపోతుందన్నట్టు ఉంటుంది. పీలుస్తారు, సరిపోదు. నుదుటి దగ్గర తలనొప్పి రావచ్చు, రాకపోవచ్చు. ఆ తర్వాత వచ్చే భయానికి ఆలోచనతో పని లేదు, ఒళ్లంతా గాలి కోసం అరుస్తుంది. ఆ స్థితిలో మీరు లూప్ మూయాలి, మౌత్‌పీస్ తీయాలి, బెయిలౌట్ (ఆపద కోసం పక్కన ఉంచుకునే ట్యాంకు) రెగ్యులేటర్ వెతికి నోట్లో పెట్టుకోవాలి. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాలంటే లోకంలో అంతకంటే కష్టమైన పని లేదనిపిస్తుంది. పక్కనే నిండు ట్యాంకు ఉండి కూడా నోటి మార్పిడి చేయలేక పోయినవాళ్లున్నారు. అందుకే మౌత్‌పీస్ దగ్గరే ఒక్క లీవర్ తిప్పితే ట్యాంకు గ్యాస్‌కి మారిపోయే బెయిలౌట్ వాల్వ్ ఉన్న మెషీన్ తప్ప మరొకటి కొనొద్దంటాను. స్పృహ తప్పినా మౌత్‌పీస్ జారకుండా తల వెనక్కి కట్టే పట్టీ కూడా పెట్టుకోండి. సైనిక డైవర్లు దాన్ని ఏనాటి నుంచో వాడుతున్నారు.

అంతకంటే ముఖ్యం, మొదటి చికాకు దగ్గరే మారిపోవడం. అనుమానం రాగానే బెయిలౌట్ తీసుకోండి. తీసుకున్నాక ఏమీ లేదని తేలితే డైవ్ పోయిందనుకోండి, అంతే. తిరిగి లూప్ మీదికి వెళ్లి "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని కొనసాగించకండి. ఈ నిర్ణయాన్ని పది మీటర్ల లోతులో, అలసిపోయి ఉన్నప్పుడు, విసుగ్గా ఉన్నప్పుడు, ఫొటో తీస్తున్నప్పుడు, మధ్యలో టీచర్ చేయి ఊపినప్పుడల్లా అమలుచేస్తూ పోవాలి. దీనికి కావాల్సింది నెలలు కాదు, లూప్ మీద గడిపిన గంటలు. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో దిగే మనిషికి అవి ఆరు నెలల్లో పోగుపడవు.

బెయిలౌట్ ట్యాంకు సంగతిలో కూడా పుస్తకం లెక్క ఒకటి, నిజం లెక్క ఇంకొకటి. చాలామంది 11 లీటర్ల అల్యూమినియం ట్యాంకు ఒకటి పక్కన వేలాడదీసుకుని ధైర్యంగా ఉంటారు. 200 బార్‌తో 2,200 లీటర్లు. నిమిషానికి 126 లీటర్ల చొప్పున చూస్తే 17 నిమిషాలు, చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ పట్టినవాడు 20 లీటర్లు పీల్చడు, 50 పీలుస్తాడు. అంటే నిమిషానికి 315 లీటర్లు. ఊపిరి కుదుటపడి, తాడు దగ్గరికి చేరడానికి ఐదు నిమిషాలు పట్టిందనుకోండి, 1,575 లీటర్లు అయిపోయాయి. అక్కడి నుంచి 50 శాతం నైట్రాక్స్ మీదికి మారగలిగే 21 మీటర్ల దాకా రావడానికి నాలుగు నిమిషాలు. సగటు పీడనం 4.7 బార్, ఊపిరి కాస్త తగ్గి 40 లీటర్లకు వచ్చినా ఇంకో 750. మొత్తం 2,325. మీ దగ్గరున్నది 2,200. ఈ లెక్కను మీ చేత్తో, మీ ఊపిరి అంకెలతో కాగితం మీద వేసుకుని, దాన్నిబట్టి ఎన్ని ట్యాంకులు పట్టుకెళ్లాలో తేల్చుకోండి. అన్ని ట్యాంకులతో ఈదలేకపోతే ఆ లోతుకి మీ సమయం ఇంకా రాలేదు.

నౌక విషయానికొస్తే, మీరు 40 మీటర్ల దగ్గర ఇప్పటిదాకా చేసినదానికీ దీనికీ పెద్ద తేడా ఒక్కటే. ఇబ్బంది వస్తే పైకి వచ్చేసే హక్కు మీకు ఉండదు. హెర్మిస్ దగ్గర అరగంట గడిపితే మీ మీద గంట దాకా డెకో ఉంటుంది, సముద్రంలో ఎక్కడో తాడు పట్టుకుని వేలాడుతూ. న్యూజెర్సీ తీరాన సుమారు 70 మీటర్ల లోతులో ఉన్న జర్మన్ జలాంతర్గామి యూ-869 దగ్గర 1992లో ఒక తండ్రీకొడుకుల జంట ఇలాగే పోయింది. వాళ్లు వాడింది రీబ్రీదర్ కాదు, గాలి నింపిన మామూలు ట్యాంకులు. లోపల కొడుకు మీద సామాను కూలింది, తండ్రి విడిపించాడు, అప్పటికే మత్తూ కంగారూ కలిసి దారీ ట్యాంకులూ తప్పిపోయాయి. డెకో ఏమీ చేయకుండా ఇద్దరూ పైకి తేలారు. ఇద్దరూ దక్కలేదు. ఇద్దరూ గుహల్లో ఆరితేరినవాళ్లే. హెర్మిస్ ఎడమ పక్కకు ఒరిగి పడుకుని ఉంది, ఎనభై ఏళ్లు దాటిన ఇనుము, వలలు చుట్టుకుని ఉంటాయి, లోపల మట్టి మెత్తగా పేరుకుని ఉంటుంది. మొదటిసారి లోపలికి వెళ్లే ఆలోచనే పెట్టుకోకండి. బయటి నుంచి ఆ తుపాకులూ ఆ పొడవూ చూడటానికే ఒక డైవ్ చాలదు. అక్కడి నుంచి ఏమీ తీయకండి, అది 307 మంది సమాధి.

ఘాజీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వద్దు. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామిలో 93 మంది ఉండిపోయారు. వైజాగ్ రేవు దగ్గర, నౌకాదళం కాపలాలో ఉన్న నీళ్లలో సరదా డైవింగ్‌కు ఎవరూ అనుమతి ఇవ్వరు. ఇవ్వకపోవడమే సరైనదని కూడా నా అభిప్రాయం. బ్రిటానిక్ వేరే కథ. 1916 నవంబర్ 21న గ్రీస్‌లోని కేయా దీవి దగ్గర మందుపాతర తగిలి మునిగింది, 1975లో ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు కూస్టో బృందం కనుక్కుంది. అడుగు దాదాపు 120 మీటర్లు. గ్రీస్ ప్రభుత్వ అనుమతులు, సహాయక డైవర్లు, పెద్ద బృందం కావాలి. రీబ్రీదర్లు వచ్చాక కూడా అక్కడ అనుభవజ్ఞులు చనిపోయారు. దాని గురించి పదేళ్ల తర్వాత మాట్లాడుకుందాం.

ఇక అమ్మకానికి వచ్చిన మెషీన్. ధర చూసి తొందరపడకండి. ముందు మీరు నేర్చుకోబోయే టీచర్‌ని ఎంచుకోండి, ఆ తర్వాత ఆ టీచర్ నేర్పే మోడల్ కొనండి. రీబ్రీదర్ సర్టిఫికెట్ మోడల్‌ని బట్టి ఇస్తారు, ఒకదాని మీద నేర్చుకుంటే ఇంకోదానికి పనికిరాదు. ఆ మెషీన్ కంపెనీ దగ్గర చివరిసారి ఎప్పుడు సర్వీసు అయిందో కాగితం అడగండి. ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతాయా అని కనుక్కోండి. లోపలున్న ఆక్సిజన్ సెల్స్ (ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్లు) ఎంత కొత్తవని అమ్మేవాడు చెప్పినా తీసి పారేయండి. తేదీ దాటినవైతే చెప్పక్కర్లేదు, దాటకపోయినా ఎండలో కారు డిక్కీలో పడున్నాయో ఏమో. కొత్తవి పెట్టుకున్నాక గాలిలో ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తున్నాయో రాసుకోండి. గాలిలో 10 చూపించే సెల్ స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 48 దగ్గర ఉండాలి. ఆపైన ప్రతి కొన్ని డైవ్‌లకూ 6 మీటర్ల దగ్గర లూప్‌ను ఆక్సిజన్‌తో నింపి, ఆక్సిజన్ పీడనం రీడింగ్ 1.6 బార్ దాకా ఎక్కుతుందో లేదో చూడండి. సెల్ ముసలిదైతే 1.1, 1.2 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు మెషీన్ తాను నిలపాల్సిన 1.3 చేరలేదనుకుని ఆక్సిజన్ పోస్తూనే ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం అంతా సవ్యంగా కనిపిస్తుంది. మూడు సెల్స్ ఉన్నాయి, రెండు ఒకమాట చెప్తే మెషీన్ వాటినే నమ్ముతుంది. మూడూ ఒకే బ్యాచ్‌వి కొంటే రెండు ఒకేసారి ముసలివై, నిజం చెప్తున్న మూడోదాన్ని అబద్ధమని పక్కన పెట్టేస్తాయి. నెలల తేడాతో మార్చుకుంటూ రండి.

దుబాయ్‌లో ఉండటం మీకు ఒక వరం. ఫుజైరా తీరంలో ఇంచ్‌కేప్ పేర్లతో కృత్రిమ రీఫ్‌ల కోసం ముంచిన పడవలు 20, 30 మీటర్ల లోతుల్లో ఉన్నాయి. రీబ్రీదర్ తీసుకుంటే మొదటి ఏడాది అంతా అక్కడే, డెకో అవసరం లేని డైవ్‌లే చేయండి. ప్రతి డైవ్ చివర్లో బెయిలౌట్ మీద పైకి రండి. హెర్మిస్‌ను త్వరగా చూడాలని ఉంటే ఇంకో దారి కూడా ఉంది. రీబ్రీదర్‌ను కాసేపు పక్కన పెట్టి, జంట ట్యాంకుల మీద డెకో, ట్రైమిక్స్ కోర్సులు చేసి, మీ మిత్రుడితో పాటు మామూలు ట్యాంకులతో ఆ లోతుకి వెళ్లండి. హీలియం ఖర్చు నొప్పిస్తుంది, ముందే ఆర్డర్ చెప్పుకోవాలి కూడా. అయినా నేనైతే మీకు ఈ దారే చెప్తాను. కొత్త లోతూ కొత్త మెషీనూ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు. శ్రీలంక తూర్పు తీరం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నెమ్మదిగా ఉంటుంది, కాబట్టి ఏప్రిల్ తప్పితే ఏడాది పోయిందనుకోనక్కర్లేదు. మీ మిత్రుడికి ట్రైమిక్స్ శిక్షణ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే అతనికీ ఇదే మాట. ఎప్పటికైనా మీరు రీబ్రీదర్‌తో, అతను ట్యాంకులతో కలిసి దిగేటట్టయితే, మీ స్క్రీన్ చదవడం, మీ లూప్ మూయడం, మీ బెయిలౌట్ మీ నోటికి అందించడం అతను కళ్లు మూసుకుని చేయగలగాలి.

బీపీ గురించి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు, నేను అలా తేల్చలేను. నీళ్లలో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరే జబ్బు ఒకటి ఉంది. బీపీ ఉన్నవాళ్లకు అది వచ్చే అవకాశం ఎక్కువ. రీబ్రీదర్‌లో ఊపిరి పీల్చడానికి పడే అదనపు కష్టం దానికి తోడవుతుంది. ఆయాసం, దగ్గు, నురగతో మొదలవుతుంది, కార్బన్ డయాక్సైడ్ పట్టినట్టే అనిపిస్తుంది. డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్‌ని కలిసి, ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో చేయించుకోండి. మీరు వేసుకునే మాత్ర పేరు చెప్పి అది డైవింగ్‌కు సరిపడుతుందా అని అడగండి, కొన్ని మాత్రలు శ్రమ చేసే శక్తిని తగ్గిస్తాయి. గుండె గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న రంధ్రం నలుగురిలో ఒకరికి మూసుకోకుండా ఉంటుంది. డెకో డైవ్‌లు చేయబోయేవాళ్లు దాని గురించి కూడా ఆ డాక్టర్‌తోనే మాట్లాడాలి.

మీ ఆవిడకు నచ్చజెప్పాలని చూడకండి. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. బదులుగా కూర్చోబెట్టి అన్నీ చూపించండి. డాక్టర్ రిపోర్టు, లోతైన డెకో డైవింగ్‌ను కూడా కవర్ చేసే బీమా కాగితం (మామూలు ట్రావెల్ బీమాలు చాలావాటిలో ఇది ఉండదు), దగ్గర్లో పనిచేస్తున్న రీకంప్రెషన్ ఛాంబర్ (డైవింగ్ జబ్బుకు పీడనంలో ఉంచి చికిత్స చేసే గది) ఎక్కడుందో వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కున్న వివరం, పడవ మీద ఆక్సిజన్ ఎంతసేపటికి ఉంటుందో, ఎన్నింటికి మీరు పైకి రావాలో, రాకపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం. వీటిలో ఏదైనా ఇంకా మీ దగ్గర లేకపోతే ఆవిడ ముందుగా అడిగేది అదే. డైవ్ ప్లాన్ అయ్యేదాకా ఆవిడ అడిగే ప్రతి ప్రశ్ననూ రాసుకోండి. వాటిలో చాలావాటికి మీ టీచర్ దగ్గరే జవాబు దొరకాలి. దొరకకపోతే టీచర్‌ని మార్చండి.

కాండీ, నువారా ఎలియా ప్లాన్‌ను మాత్రం తిరగేయండి. డెకో డైవ్ చేసి కొండలెక్కడం విమానం ఎక్కడంతో సమానమైన ప్రమాదం. నువారా ఎలియా సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది, కాండీ దాకా ఎక్కినా 500 మీటర్లు. ముందు కొలంబోలో దిగి, ఆవిడతో కలిసి కొండలు, టీ తోటలు చూసుకుని, తర్వాత బట్టికలోవా చేరండి. ఆఖరి డైవ్ అయ్యాక అక్కడే కనీసం ఒక పూర్తి రోజు, వీలైతే ఇంకొంచెం ఎక్కువ ఉండండి. కొలంబోకి తిరిగొచ్చేటప్పుడు కాండీ మీదుగా కాకుండా పొలన్నరువ, హబరణ వైపు పల్లపు దారిలో రమ్మని డ్రైవర్‌కి ముందే చెప్పండి. అప్పుడే దుబాయ్ టికెట్ బుక్ చేసుకోండి.